మడత చాకు: నడక, పలుకు

ఇంటి సామానులో చాలవాటి మంచిచెడ్డలను మనము కంటితో చూచి తేల్చుకొందుము. మడత చాకు సంగతి అట్లు కాదు. దానిని చేతబట్టి, చెవి యొగ్గి, తెరచి మూయవలెను. మంచి చాకు పూర్తిగా తెరచుకొన్నపుడు 'టక్కు'మని స్పష్టముగా పలుకును. మూసినపుడు మరియొక మారు పలుకును. ఆ రెంటి నడుమ అలుగు, అనగా కోయు రేకు, ఎక్కడను తట్టుకొనదు, ఎక్కడను జారిపోదు. ఇంగ్లీషు మాటాడు దేశములలో చాకుల పనివారు ఈ రెండు గుణములను కలిపి 'నడక, పలుకు' అని వ్యవహరింతురు. చెవిని నమ్ముకొని బ్రతుకు మాబోటి రేడియోవారికి ఈ పలుకుబడి చాల నచ్చినది. పైగా అది వట్టి ముచ్చట కాదు. చాకులో ఏది చెడినదో ఆ నడకవలనను, పలుకువలనను చాలవరకు తెలిసిపోవును.

నడక చెడిన చాకులు మన యిండ్లలో కొల్లలు. సొరుగులో ఏండ్ల తరబడి పడియుండి బిగిసిపోయినవి కొన్ని. వాడి వాడి వదులై గిలక్కాయవలె ఆడునవి కొన్ని. వదులు చాకు ప్రమాదకరమని అందరికిని తెలియును. జామకాయ కోయుచుండగా అలుగు వెనుకకు మడచుకొని వ్రేళ్ళపై పడును. వ్రేళ్ళ లోపలి వైపున, వానిని ముడుచు కండరముల త్రాళ్ళు చర్మమునకు మిక్కిలి దగ్గరగా పోవుచుండును. అవి తెగినచో కట్టు కట్టి ఊరకుండుటకు వీలులేదు. శస్త్రచికిత్స చేసి కలుపవలసివచ్చును, ఆపైన వ్రేలు వెనుకటివలె ముడుచుకొనుటకు నెలలు పట్టవచ్చును. బిగుతు చాకు కూడ ప్రమాదకరమేయని మాత్రము చాలమంది తలపరు. బలమంతయు ఉపయోగించి గోటితో లాగుచుండగా అలుగు ఒక్కసారిగా విడివడును. అప్పుడు లాగిన చేయి ఎక్కడికి పోవునో, పిడి పట్టుకొన్న చేతి వ్రేళ్ళు ఎక్కడ ఉండునో, ఎవరు చెప్పగలరు? స్నానము చేసి వచ్చిన వెంటనే, గోళ్ళు నీట నాని మెత్తబడియున్నపుడు, అట్టి చాకును తెరువబోయి గోరు విరుగగొట్టుకొనుట మరియొకటి.

ఇట్టి చాకు చేతికి వచ్చినపుడు మనవారు చేయు చికిత్సలు రెండే. బిగుతుగా నున్నచో నూనె పోయుట, వదులుగా నున్నచో సుత్తితో కొట్టుట. అడకత్తెర వదులైనపుడు దాని చీలను రాతిపై ఆనించి రెండు దెబ్బలు వేయుట మన పెద్దలు చేయుచు వచ్చినదే. అడకత్తెరకు అది చాలును. దానిలో చీల తప్ప వేరు యంత్రము లేదు. చాకులో ఆ చీలతోపాటు అలుగును అదిమిపట్టు మరియొక శక్తి కూడ కలదు. బిగుతైనను, వదులైనను, ఆ రెంటిలో దేనివలన కలిగినదో తెలియక చేసిన చికిత్స రోగమును పెంచును. కనుక సవరణకు ముందు రోగనిర్ణయము జరుగవలెను. మేము చెప్పదలచినదెల్ల ఇంచుమించుగా ఇదియే.

చాకు అను మాట పారసీకము నుండి మనకు వచ్చినది. వస్తువు చాల ప్రాచీనము. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్ వద్ద ఎముక పిడి గల మడత చాకు ఒకటి దొరకినది, అది క్రీ.పూ. 600–500 నాటిదని పండితులు నిర్ణయించిరి. రోమనులకును మడత చాకులుండెను. మడత చాకులలో మిక్కిలి సాదా రకమునకు చీల ఒక్కటే ఆధారము; దాని బిగువే అలుగును నిలుపవలెను. తరువాతి కాలమున పిడి వెన్నున ఒక ఉక్కు కమాను, అనగా స్ప్రింగు, చేరినది. ఇంగ్లాండులో షెఫీల్డు, జర్మనీలో జోలింగెన్, ఫ్రాన్సులో తియేర్ పట్టణములు ఈ పనికి పేరు మోసినవి. స్విట్జర్లాండులో కార్ల్ ఎల్సెనర్ 1884లో ఇబాఖ్‌లో పనిశాల పెట్టి, 1891లో స్విస్ సైన్యమునకు చాకులు అందించుట మొదలిడెను. 1897లో ఆయన రూపొందించిన అధికారుల చాకులో ఒక చక్కని ఉపాయము కలదు: ఒకే స్ప్రింగు పిడికి రెండు వైపులనున్న పనిముట్లను అదిమిపట్టును. నేడు మన బజారులలో దొరకు ఎర్రని పిడి గల అనేక పనిముట్ల చాకులు ఆ యుపాయపు సంతానమే.

ఈ స్ప్రింగు చాకు లోపల ఏమున్నదో కొంచెము వివరముగా చూతము. తక్కినదంతయు దీనిపై ఆధారపడియున్నది. అలుగు మొదలు పిడి లోపల ఇంచుమించు చతురస్రముగా నుండును. మూలలు మాత్రము నునుపుగా అరగదీసియుండును. దాని నడుమ రంధ్రము, రంధ్రములో చీల. ఆ చీలయే ఇరుసు. చతురస్రపు ఒక చదును ముఖముపై స్ప్రింగు కొస ఆనియున్నపుడు చాకు మూసియుండును. రెండవ ముఖముపై ఆనినపుడు సగము తెరచియుండును. మూడవ ముఖమునకు వచ్చినపుడు పూర్తిగా తెరచుకొనును. ఒక ముఖమునుండి మరియొక దానికి పోవునపుడు మధ్యనున్న మూల స్ప్రింగును పైకెత్తును. అప్పుడే చేతికి బరువు తెలియును. మూల దాటగానే స్ప్రింగు తటాలున దిగి తరువాతి చదునుపై కొట్టును. మనము వినుచున్న 'టక్కు' అదియే. సగములో ఆగు ఏర్పాటు అన్ని చాకులకు ఉండదు. ఉన్న చాకును మూయునపుడు అలుగు నడిమధ్య ఒకమారు నిలుచును, వ్రేళ్ళు తప్పించుకొనుటకు వ్యవధి దొరకును. పిల్లలున్న యింటికి కొనువారు అట్టిదానినే ఎంచుకొనుట మంచిదని మా అభిప్రాయము.

కనుక అలుగును ఆపునవి రెండు. ఇరుసువద్ద పిడి పలకలకును అలుగునకును మధ్య కలుగు రాపిడి ఒకటి. స్ప్రింగు ఒత్తిడి రెండవది. స్ప్రింగు ఒత్తిడి కావలసినదే. అది లేనిచో చాకు తెరచియు నిలువదు, మూసియు నిలువదు. రాపిడియే అనవసరము. మనము తగ్గింపవలసినది రెండవదానిని కాదు, మొదటిదానిని.

ఇక పరీక్ష. ముందుగా వాదరను, అనగా కోయు అంచును, పలుచని అంటుపట్టీతో కప్పుడు. ఈ పని మానరాదు. పరీక్షించుచున్నంతసేపు ధ్యాస చెవిపై నుండును గాని వ్రేళ్ళపై నుండదు. అటుపై నెమ్మదిగా తెరచుడు. నడక యంతయు ఒకే తీరున బరువుగా నున్నచో, ఇరుసువద్ద బిగువు ఎక్కువైనది, లేదా అక్కడ జిగురు పేరుకొన్నది. నడుమనడుమ గరగరమనుచున్నచో ఇసుకయో, తుప్పో, చొక్కాజేబులోని నూలుపీచో లోపల చేరినది. మూలలు దాటునపుడు మాత్రమే బరువై, తక్కిన నడక సులువుగా నున్నచో దోషమేమియు లేదు. అది స్ప్రింగు బలము, దానిని ముట్టుకొనవద్దు. 'టక్కు'మనవలసినచోట మెత్తగా పడినచో, లేక అసలే పలుకనిచో, రెండు కారణములు ఉండవచ్చును. అలుగు పలకల మధ్య ఇరుకుకొని స్ప్రింగు దానిని విసురుగా త్రోయలేకపోవుచుండవచ్చును. లేదా స్ప్రింగే నీరసించియుండవచ్చును. తేడా కనుగొనుట సులువే. శుభ్రము చేసి, ఒక చుక్క నూనె వేసి, ఇరువది సార్లు తెరచి మూయుడు. పలుకు తిరిగి వచ్చినచో తప్పు రాపిడిది. రానిచో స్ప్రింగుది.

తరువాత ఆట చూడవలెను. పిడిని ఒక చేత గట్టిగా పట్టి, తెరచిన అలుగును వెన్నువైపునుండి పట్టుకొని, ఎడమకు కుడికి కదపుడు. అట్లు కదలినచో ఇరుసు వదులైనది. పిదప పైకి క్రిందికి కదపుడు. ఈ దిక్కున కదలినచో, స్ప్రింగో తాళమో అలుగు మొదలుతో కలియుచోట అరిగినది, లేదా ఇరుసు రంధ్రమే పెద్దదైనది. ఇరుసును ఎంత బిగించినను ఈ ఆట పోదు. పోలేదని ఇంకను బిగించినచో చాకు మొరాయించును, ఆట ఆటగానే ఉండును. ప్రక్కల ఆటకును, నిలువు ఆటకును గల ఈ భేదము ఒక్కటి తెలిసినను చాల చాకులు సుత్తి దెబ్బ తప్పించుకొనును.

బిగుతు చాకులలో పెక్కింటికి సుత్తితో పనిలేదు. వానికి కావలసినది స్నానము. వేసవిలో మామిడిపండు కోసిన చాకును గుడ్డతో పైపైన తుడిచి మూసినామనుకొనుడు. రసము ఇరుసులోనికి దిగును, నీరు ఎండిపోవును, చక్కెర బంకయై మిగులును. సపోటా, సీతాఫలము కోసినను ఇదే తంతు. ఆ బంకపై నూనె పోయుట వ్యర్థము. చక్కెర నూనెలో కరుగదు, నీటిలో కరుగును. కనుక నులివెచ్చని నీటిలో గిన్నెలు తోము సబ్బు ఒక చుక్క కలిపి, ఆ నీటిలోపలనే అలుగును ఇరువది ముప్పది మార్లు తెరచి మూయవలెను. నీరు మురికియగుట కంటికి కనబడును. పాత పళ్ళబ్రష్షుతో స్ప్రింగు గాడిని తోమి, పీచు కనబడినచో సన్నని వెదురుపుల్లతో తీయవలెను. సూదితో తీసినచో గీతలు పడును. పిమ్మట మంచినీట కడిగి, ప్రతి సందును గుడ్డతో ఒత్తి, తెరచియుంచి గాలికి ఆరనీయవలెను. స్విస్ చాకులు చేయువారును వెచ్చని నీటి పద్ధతినే చెప్పుదురు.

అరటికాయ జిగురు, మామిడి సొన అట్లు కాదు. అవి నీటికి లొంగవు. పనసకాయ కోయునపుడు చేతికి నూనె రాచుకొనుట వంటింట అందరెరిగినదే. చాకునకును అదే వైద్యము: ముందు నూనె, తరువాత సబ్బునీరు. చెక్క, ఎముక, కొమ్ము పిడులు గల చాకులను మాత్రము నీట నానబెట్టరాదు. అవి ఉబ్బును, ఆరినపుడు పగులును. వానికి కిరసనాయిలు తడిపిన పుల్లతో ఇరుసు మాత్రమే శుభ్రము చేసి, తరువాత గుడ్డతో పూర్తిగా తుడువవలెను. పొయ్యి దరిదాపుల ఈ పని పెట్టుకొనవద్దని వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక నూనె. ఈ విషయములో మన యిండ్ల అలవాటు కొంచెము మారవలసియున్నది. తలుపు బందులకు, తాళములకు, కుట్టుమిషనుకు కూడ కొబ్బరినూనె వేయువారు కలరు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద గడ్డకట్టును. పుష్యమాసపు ప్రాతఃకాలమున ఆ చాకు ఎట్లు నడచునో ఊహించుకొనవచ్చును. వేరుసెనగ, నువ్వులు, ప్రొద్దుతిరుగుడు నూనెలు చలికి అంత త్వరగా గడ్డకట్టవు గాని, గాలిలోని ఆమ్లజనితో కలిసి క్రమముగా జిగటపడును. నూనె సీసా మూతి చుట్టు కట్టు జిడ్డుపొర అట్టిదే. అవిసెనూనె మరియు వేగముగా ఎండి గట్టి పొరయగును. చిత్రకారులు దానిని వాడుట అందుకే. ఆముదము ఎండదు గాని మిక్కిలి చిక్కన, దుమ్మును పట్టి ఉంచును. చాకునకు తగినది ఖనిజతైలము. కుట్టుమిషను నూనె అట్టిదే, నడకకు దివ్యముగా నుండును. కాని పండ్లు కోయు చాకుపై దానిని వాడుట మేము హర్షింపము. అది తినుటకు చేసినది కాదు. మందుల దుకాణములలో లిక్విడ్ పారఫిన్ అను పేర విరేచనౌషధముగా అమ్మునది శుద్ధిచేసిన ఖనిజతైలమే. రంగు లేదు, వాసన లేదు, జిగటపడదు. పండ్ల చాకునకు దానికి మించినది మాకు కనబడలేదు.

ఎంత వేయవలెననగా, అగ్గిపుల్ల కొసన నిలుచునంత. ఇరుసునకు ఇరువైపుల ఒక్కొక్క చుక్క, స్ప్రింగు కొస అలుగు మొదలును తాకుచోట ఒక చుక్క. పది మార్లు తెరచి మూసి, వెలికి వచ్చిన నూనెనంతయు తుడిచివేయవలెను. మిగిలిన నూనె సేవ చేయదు, దుమ్మును పిలుచును.

స్నానము, నూనె అయిన తరువాతను ప్రక్కల ఆట మిగిలినచో అప్పుడు ఇరుసు సంగతి చూడవలెను. ఇరుసులు రెండు విధములు: కొట్టి మూతి విప్పిన చీల, తిప్పుటకు వీలైన మరమేకు.

చీల గల చాకును సవరించుటలో సుత్తికంటె ఓర్పు ముఖ్యము. చీల ఒక తలను గట్టి ఇనుపదిమ్మపై, అనగా దాగలివంటిదానిపై, ఆనించి, రెండవ తలను చిన్న గుండ్రతల సుత్తితో తట్టవలెను. అది మేకు దింపు దెబ్బ కాదు. సెనగగింజ పొట్టు ఊడునంత దెబ్బ. నడిబొడ్డున గాక తల అంచు చుట్టును తట్టవలెను. మూడు నాలుగు తట్లకొకమారు ఆగి నడక చూడవలెను. పనితనము తెలిసినవారు ముందుగా మిక్కిలి పలుచని ఇత్తడి రేకును గుర్రపు లాడమువలె కత్తిరించి అలుగునకును పలకకును నడుమ దోపుదురు. బిగింపు పూర్తియైన పిదప రేకును లాగివేయగా దాని మందమంత సందు మిగులును. ఆ సందే నడక. ఈ యుపాయము లేక కొట్టినవారు సాధారణముగా ఒక్క దెబ్బ ఎక్కువ వేయుదురు. వేసిన దెబ్బ వెనుకకు రాదు. కొలదిగా బిగిసినచో నూనె వేసి వందమార్లు తెరచి మూయగా కుదురుకొనవచ్చును. మరీ బిగిసినచో చీలను తొలిచి తీసి క్రొత్తది వేయుట తప్ప మార్గము లేదు, అది పనివాని పని. ఎముక, ముత్యపుచిప్ప, ప్లాస్టిక్కు అంచులు చీలను తాకియున్నచో సుత్తి ఎత్తనే వద్దు. ఎర్రపిడి స్విస్ చాకులలో చీలల తలలు ప్లాస్టిక్కు పలకల క్రింద దాగియుండును. వానిని కొట్టుటకు చోటే లేదు.

మరమేకు ఇరుసు గల చాకులు ఇటీవలివి. వీనితోపాటు ఒంటిచేతితో తెరచు ఏర్పాట్లును వచ్చినవి. 1981లో అమెరికాలో స్పైడర్కో సంస్థ అలుగులో బొటనవ్రేలికి గుండ్రని రంధ్రము పెట్టిన చాకును విడుదల చేసెను. 1980లలో మైకేల్ వాకర్ అను అమెరికను పనివాడు, పిడి లోపలి లోహపు పలకయే ప్రక్కకు వంగి అలుగు మొదలునకు అడ్డుపడు తాళమును నేటి రూపమునకు తెచ్చెను. ఈ తరగతి చాకులలో వెన్నుస్ప్రింగు లేదు. అలుగును మూసియుంచునది తాళపు పలకపైనున్న ఆవగింజంత ఉక్కుగుండు. మూసినపుడు అది అలుగులోని చిన్న గుంటలో కూర్చుండును. తెరచునపుడు మొట్టమొదట తగులు అడ్డు ఈ గుండుదే. గుంట వీడగానే తక్కిన నడక తేలికగా సాగవలెను.

ఇచ్చట జరుగు పొరపాటు ఒకటి కలదు. మొదటి అడ్డు ఎక్కువగా నున్నదని కొందరు ఇరుసును వదులు చేయుదురు. గుండుకును ఇరుసుకును సంబంధము లేదు. అడ్డు పెద్దగా తగ్గదు, అలుగు మాత్రము ప్రక్కలకు ఆడును. మరికొందరు మణికట్టు విదిలింపగానే అలుగు ఎగిరి తెరచుకొనవలెనని, మిత్రుల ఎదుట చూపుటకు, ఇరుసును సడలింతురు. విదిలించిన ప్రతిమారును అలుగు మొదలు వచ్చి తాళమును కొట్టును, తాళము అరుగును. అది అరిగిన నాడు పైన చెప్పిన నిలువు ఆట మొదలగును. మీట నొక్కగానే ఎగిరి తెరచుకొను చాకుల తయారీని, అమ్మకమును బ్రిటను 1959 చట్టముతో నిషేధించినది. పనిముట్టు అట్టి వేగమును కోరదు.

సవరించు పద్ధతి ఇది. ముందు మరమేకు తలకు సరిగా అమరు స్క్రూడ్రైవరు సంపాదించవలెను. ఈ మరమేకులు పెక్కింటికి తలలో ఆరు కోణముల నక్షత్రపు గుంట యుండును. దగ్గర కొలతతో సరిపెట్టుకొన్నచో గుంట అరిగి మరమేకు ఊడనిదగును. తిప్పుట కొద్దికొద్దిగా జరుగవలెను: గడియారములో నిమిషపు ముల్లు రెండు మూడు నిమిషములలో జరుగునంత. ప్రక్కల ఆట పోవువరకు బిగించి, నడక బరువెక్కగానే అట్టి ఒక జరుపు వెనుకకు తిప్పవలెను. మూసినపుడు అలుగు రెండు పలకల నడుమ సమముగా నిలిచినదో లేదో చూడవలెను. ఒక ప్రక్కకు ఒరసికొనుచున్నచో తక్కిన మరమేకుల బిగువు అసమముగా నున్నది. సరిగా కుదిరిన మరమేకు రెండు వారములలో తిరిగి వదులైనచో, మరలకు రాయు నీలిరంగు జిగురు దొరకును. దానిని మరలపై మాత్రమే సూదిమొనంత రాసి, ఒక దినము ఆరనీయవలెను. మరలపై నూనె యున్నచో అది పట్టదు. ఇరుసులోనికి జారినచో అలుగునే పట్టును. ఎర్రరంగుది వాడవద్దు, అది కాచిన గాని వదలదు. చాకును పూర్తిగా విప్పుటకు ముందు హామీపత్రము చదువుకొనుడు. విప్పిన చాకునకు కొన్ని సంస్థలు హామీ చెల్లదందురు. ఒక్క మాట: తాళపు పలక అలుగును తాకు ముఖమునకు నూనె రాయరాదు. అది జారుటకు కాదు, నిలుచుటకు ఉన్నది.

చెక్కపిడి చాకులకు వేరొక స్వభావము. ఫ్రాన్సులో సవోయి ప్రాంతమున జోసెఫ్ ఒపినెల్ 1890లో చేయ మొదలిడిన చాకు ఇందుకు మంచి ఉదాహరణము. ఒకే చెక్క పిడి, దానిలో కోసిన గాడి, ఒక చీల. స్ప్రింగు లేదు. 1955లో తిరుగు ఉక్కు కంకణమొకటి చేర్చి తెరచిన అలుగు మూసికొనకుండ తాళము చేసిరి. ఈ చాకు ఎండాకాలమున వెన్నవలె తెరచుకొనును. తేమ తగిలిననాడు చెక్క ఉబ్బి గాడి ఇరుకై అలుగును కదలనీయదు. అక్కడివారు పిడి వెనుక కొసను బల్లకు ఒకమారు తట్టుదురు. ఆ అదటుకు అలుగు కొంచెము వెలికి వచ్చును. మన దేశపు వానకాలమున ఇట్టి చాకు బిగిసినచో తొందరపడి గాడిని చెక్కవద్దు. నీడలో నాలుగు దినములు ఆరనిచ్చి చూడుడు. అప్పటికిని బిగుతైనచో సన్నని కొలబద్దకు గరుకు కాగితము చుట్టి గాడి గోడలను రెండు మూడు మార్లు రుద్ది, మైనము పట్టింపవలెను. వర్షాకాలమున చెక్కిన గాడి వేసవిలో వదులగునని గుర్తుంచుకొనవలెను.

ఆకురాయి పట్టుకొనుటకు ఉత్సాహపడువారితో ఒక మనవి. అలుగు మొదలువద్ద, వాదర ఆరంభమగుచోట, చిన్న బుడిపె యుండును. చాకు మూసినపుడు ఆ బుడిపె స్ప్రింగుపై ఆని, వాదరను స్ప్రింగుకు తగులకుండ కాపాడును. పలుమార్లు సానపట్టగా అలుగు సన్నగిల్లి, దాని మొన పిడి పైకి పొడుచుకొని వచ్చినపుడు, పనివారు ఈ బుడిపెను వెండ్రుకవాసి అరగదీసి మొనను లోపలికి దింపుదురు. చేతనైన చేతిలో అది మంచి పనియే. చేతగానివారు కొంచెము ఎక్కువ తీసినచో మూసిన ప్రతిమారును వాదర స్ప్రింగును కొట్టుకొని ఒకేచోట మొద్దుబారును. గోటి నొక్కు పిడిలోనికి దిగిపోయి తెరచుటకు పట్టు చిక్కదు. స్ప్రింగును వంచి బలము తగ్గింపబోవుటయు ఇట్టిదే. పదును కాచిన ఉక్కు వంగదు, విరుగును. వృద్ధులకు బలమైన స్ప్రింగు కష్టమైనచో చాకును మార్చుటయే మేలు. అంతవరకు గోటికి బదులు పలుచని నాణెపు అంచును నొక్కులో పెట్టి ఎత్తవచ్చును.

సవరణ అంతయు ముగిసిన తరువాత వాదరపై పట్టీ తీయకమునుపే కడపటి పరీక్ష చేయవలెను. మూసిన చాకును అలుగు క్రిందికి వచ్చునట్లు పట్టుకొని మెల్లగా కుదుపుడు. అలుగు తనంత తాను వెలికి రారాదు. తెరచి, అలుగు వెన్నును మెత్తని చెక్కపై కొద్దిగా ఒత్తుడు. స్ప్రింగు చాకైనచో బరువుగా కదలి మూసికొనబోవును. అది దాని స్వభావము, గనుక దానితో పొడుచు పని ఎన్నడును చేయరాదు. తాళము గల చాకైనచో కదలనే రాదు. కదలినచో దానిని వాడుట మానవలెను.

దాచుటను గూర్చి. విశాఖపట్టణము, మచిలీపట్టణమువంటి సముద్రతీరపు ఊళ్ళలో ఉప్పుగాలికి మామూలు ఉక్కు అలుగు వానకాలమున త్వరలోనే మచ్చలు పడును. తుప్పుపట్టని ఉక్కును పూర్తిగా నమ్మరాదు, ఇరుసులోని తేమ దానిని కూడ తినును. తోలు ఒర అందముగా నుండును గాని తేమను పట్టి ఉంచును; అందులో నెలల తరబడి ఉంచిన చాకు పిడి ఇత్తడికి పచ్చని చిలుము పట్టి, అది ఇరుసు సందులోనికి ప్రాకును. చాకును పొడి నూలుగుడ్డలో చుట్టి, సొరుగులో విడిగా ఉంచి, నెలకొకమారు తీసి నాలుగు సార్లు తెరచి మూయుడు. అప్పుడది ఎట్లు పలికినదో వినుడు.